మంటలు తగ్గిన ఏడాది వెనక అసలు లెక్క

మీరు డేటా అనలిస్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. మీ ముందు ఒక గ్రాఫ్ పెట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏ ఏడాది ఎన్ని ఎకరాలు కార్చిచ్చుకు కాలిపోయాయో చూపించే గ్రాఫ్ అది. 2020లో సుమారు 43 లక్షల ఎకరాలు. 2021లో 25 లక్షలకు పైగా. 2022లో 4 లక్షల లోపు. 2023లోనూ 4 లక్షల లోపే. ‘ఎందుకు తగ్గింది?’ అని ఒక్కటే ప్రశ్న. మీ జవాబేంటి?

‘వానలు బాగా పడ్డాయి’ అంటారు కొందరు. ‘ఫైర్ సిబ్బంది బాగా పనిచేశారు’ అంటారు ఇంకొందరు. ‘సమస్య తగ్గుముఖం పట్టింది’ అని కూడా ఎవరో ఒకరు అంటారు. మొదటి రెండింట్లో కొంత నిజముంది. మూడోది మాత్రం ప్రమాదకరమైన జవాబు. ఎందుకో తెలియాలంటే ఆ గ్రాఫ్ కిందికి దిగి చూడాలి.

నాలుగు స్విచ్‌లు

ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రాస్ బ్రాడ్‌స్టాక్ 2010లో ఒక తేలికైన నమూనా ఇచ్చారు. పెద్ద కార్చిచ్చు రావాలంటే నాలుగు స్విచ్‌లు ఒకేసారి ఆన్ కావాలి. ఒకటి, కాలడానికి సరిపడా గడ్డి, ఆకులు, కట్టె ఉండాలి. రెండు, అవి ఎండి ఉండాలి. మూడు, మంటను పరుగెత్తించే వాతావరణం, ముఖ్యంగా గాలి కావాలి. నాలుగు, నిప్పు రవ్వ పడాలి. అది పిడుగు కావచ్చు, తెగిన కరెంటు తీగ కావచ్చు, ఎవరో పారేసిన సిగరెట్ ముక్క కావచ్చు.

ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది అచ్చంగా ఆండ్ గేట్. నాలుగు ఇన్‌పుట్లూ 1 అయితేనే అవుట్‌పుట్ 1. ఏ ఒక్కటి 0 అయినా ఆ ఏడాది మంటలు తగ్గుతాయి. కాబట్టి ‘ఎందుకు తగ్గింది?’ అనే ప్రశ్నకు అసలు అర్థం ‘ఈసారి ఏ స్విచ్ ఆఫ్‌లో ఉంది?’ అని. అవుట్‌పుట్ చూసి ఆ సంగతి చెప్పలేం. ఇన్‌పుట్లు చూడాల్సిందే.

2020లో నాలుగూ కలిశాయి. ఎండిన అడవి సిద్ధంగా ఉంది. ఆగస్టు మధ్యలో వాన లేకుండా వేల పిడుగులు పడ్డాయి, వందల చోట్ల మంటలు అంటుకున్నాయి. వాటిలో కొన్ని కలిసిపోయి ఏర్పడిన ‘ఆగస్ట్ కాంప్లెక్స్’ ఒక్కటే 10 లక్షల ఎకరాలు దాటింది. సెప్టెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. బే ఏరియాలో మనవాళ్లు ఎవరైనా ఉంటే ఆ ఫొటోలు మీ వాట్సాప్‌కీ వచ్చే ఉంటాయి.

రెండు ప్రశాంతమైన ఏళ్లు, రెండు కారణాలు

గ్రాఫ్‌లో 2022, 2023 పక్కపక్కనే కవల పిల్లల్లా కనిపిస్తాయి. కానీ రెండింటికీ పోలికే లేదు.

2022 కరవు ఏడాది. వరుసగా మూడోది. సెప్టెంబరు 6న రాజధాని శాక్రమెంటోలో ఎండ 46 డిగ్రీలు దాటింది. మొదటి రెండు స్విచ్‌లూ పూర్తిగా ఆన్‌లో ఉన్నాయి. అదే వారంలో దక్షిణాన ‘ఫెయిర్‌వ్యూ’ మంట ఇద్దరి ప్రాణాలు తీసింది. సరిగ్గా అప్పుడే ‘కే’ అనే తుపాను అవశేషాలు మెక్సికో వైపు నుంచి వచ్చి అక్కడ వాన కురిపించాయి. ఆ నెల్లోనే ఉత్తరాన పడ్డ వానలు ‘మస్కీటో’ మంట జోరు తగ్గించాయి. అంటే అడవి కాలడానికి సిద్ధంగానే ఉంది, సమయం కలిసి రాలేదంతే. దీన్ని మెరుగుదల అనలేం, అదృష్టం అనాలి.

2023 కథ వేరు. ఆ చలికాలంలో పసిఫిక్ మీదుగా తేమ నదుల్లా వరుసగా వచ్చి రాష్ట్రాన్ని ముంచెత్తింది. ఏప్రిల్ 1 నాటికి కొండల మీది మంచు సగటులో 237 శాతం ఉంది. ఆ మంచు వేసవిలోకి నెమ్మదిగా కరుగుతూ నేలను తడిగా ఉంచింది. ఆగస్టులో ‘హిలరీ’ తుపాను అవశేషాలు ఇంకో వాన తెచ్చాయి. ఇక్కడ ఆఫ్ అయింది రెండో స్విచ్, అంటే ఎండటం.

ఈ ఎండటంలోనూ ఒక ఇంజినీరింగ్ లెక్క ఉంది. సన్నటి ఎండు గడ్డి పరక చుట్టూ ఉన్న గాలిలోని తేమకు దాదాపు గంటలో సర్దుకుంటుంది. మూడంగుళాలు దాటిన దుంగకు అందుకు వెయ్యి గంటలు పడుతుంది, అంటే సుమారు ఆరు వారాలు. అందుకే ఈ రంగంలో వాళ్లు గడ్డిని ‘ఒక గంట ఇంధనం’ అనీ, దుంగల్ని ‘వెయ్యి గంటల ఇంధనం’ అనీ పిలుస్తారు. బాగా తడిసిన దట్టమైన అడవి ఒకట్రెండు ఎండలకు ప్రమాదంలో పడదు. గడ్డి మైదానం మాత్రం నిన్న తడిసినా, వేడి గాలి వీస్తే ఈ మధ్యాహ్నానికే అంటుకోగలదు.

వాన చేసే రెండు పనులు

ఇప్పుడు అసలు మలుపు. వాన రెండో స్విచ్‌ని ఆఫ్ చేస్తుంది, నిజమే. కానీ అదే వాన మొదటి స్విచ్‌ని ఆన్ చేస్తుంది. గడ్డి, పొదలు ఏపుగా పెరుగుతాయి. ఎత్తయిన కొండల అడవిలో కట్టెకు ఎప్పుడూ కొదవ లేదు, అక్కడ ఎండితేనే ప్రమాదం. కాబట్టి వాన పడిన ఏడాది అక్కడ మేలు. గడ్డి, పొదలు ఉండే పొడి ప్రాంతాల్లో కథ తిరగబడుతుంది. కాలడానికి సరుకే తక్కువ ఉన్నచోట, ఈ ఏడాది వాన వచ్చే ఏడాదికి సరుకు సమకూరుస్తుంది.

లాస్ ఏంజెలెస్‌లో జరిగింది ఇదే. 2022-23, 2023-24 చలికాలాలు రెండూ బాగా తడిసినవే. కొండవాలుల్లో పచ్చదనం పెరిగింది. 2024 మే తర్వాత చెప్పుకోదగ్గ వాన లేదు. పెరిగినదంతా ఎండిపోయింది. 2025 జనవరి 7న ఎడారి వైపు నుంచి సముద్రం వైపు వీచే శాంటా ఆనా గాలులు గంటకు 130 కిలోమీటర్లు దాటాయి. పాలిసేడ్స్, ఈటన్ మంటల్లో 16 వేలకు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి, 30 మంది దాకా చనిపోయారు. మంటలు లేని ఆ రెండేళ్లూ సరుకు పోగవుతూనే ఉందన్నమాట.

మనుషులు తెచ్చిపెట్టిన ప్రశాంతత కూడా ఇలాంటిదే. అమెరికా అటవీ శాఖ 1935లో ఒక నియమం పెట్టుకుంది. ఎక్కడ మంట కనిపించినా మరునాడు ఉదయం 10 గంటలకల్లా అదుపులోకి తేవాలి. దశాబ్దాల పాటు చిన్న మంటలన్నీ ఆర్పేశారు. ఆ చిన్న మంటలు కాల్చేయాల్సిన ఆకులు, కొమ్మలు, మొక్కలు అడవిలోనే మిగిలిపోయాయి. ఇప్పుడు అదే శాఖ అనువైన రోజు చూసి, కావాలనే కొంత అడవిని అదుపులో కాలుస్తోంది.

ఎకరాలు చెప్పని నిజం

ఇంకో ప్రశ్న కూడా అడగాలి. గ్రాఫ్‌లో కొలిచిందేంటి? ఎకరాలు. లాస్ ఏంజెలెస్‌లో ఆ రెండు మంటలు కాల్చింది మొత్తం 37 వేల ఎకరాలు. 2020 లెక్కలో అది ఒక శాతం కూడా కాదు. 2023లో హవాయిలోని లహైనా ఊరిని కాల్చిన మంట విస్తీర్ణం రెండు వేల ఎకరాల పైచిలుకు మాత్రమే. పోయింది వంద మంది ప్రాణాలు. ఎకరాల గ్రాఫ్‌లో అది కనిపించనే కనిపించదు. అదే 2023లో కాలిఫోర్నియా ప్రశాంతంగా ఉంటే, కెనడాలో సుమారు కోటిన్నర హెక్టార్లు కాలి రికార్డయింది. ఏ ప్రాంతం, ఏ కొలమానం, ఎన్నేళ్ల లెక్క? ఈ మూడూ తేల్చకుండా ‘తగ్గింది’ అనే మాట వాడకూడదు.

మీరే చేసి చూడండి

ఈ లెక్క నేర్చుకోవడానికి కాలిఫోర్నియా దాకా పోనక్కర్లేదు. మన నల్లమల ఉంది. ఫిబ్రవరి, మార్చిలో ఆకు రాలుతుంది, జూన్‌లో వానలొచ్చే దాకా నేలంతా ఎండుటాకే. రవ్వ ఎక్కువగా మనుషుల చేతి నుంచే పడుతుంది. ఉపగ్రహాలు పసిగట్టిన మంటల సమాచారంతో డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అటవీ సిబ్బందికి హెచ్చరికలు పంపుతుంది. ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ మన హైదరాబాద్‌లోనే ఉంది.

నాసా నడిపే ‘ఫర్మ్స్’లో పాత మంటల డేటా ఉచితం. వాతావరణ శాఖ వర్షపాతం డేటా కూడా దొరుకుతుంది. పదేళ్ల మంటల్ని, వాటి ముందరి వానాకాలాన్ని పక్కపక్కన పెట్టండి. పైథాన్, క్యూజీఐఎస్ వస్తే చాలు, రెండూ ఉచితమే. మూడు జాగ్రత్తలు తీసుకోండి. మబ్బు పడితే ఉపగ్రహానికి మంట కనపడదు. ఒకే మంట చాలా చుక్కలుగా నమోదు కావచ్చు. చుక్కల సంఖ్య, కాలిన విస్తీర్ణం ఒకటి కావు. ఈ మూడూ మీ రిపోర్టులో రాస్తే, టెంప్లేట్ ప్రాజెక్టుల గుట్టలో మీది వేరుగా నిలుస్తుంది. విపత్తు ముప్పును అంచనా వేసే బీమా టీములు, జీఐఎస్ కంపెనీలు, పర్యావరణ సంస్థలు అడిగేది ఈ ఆలోచననే. సివిల్, సీఎస్ఈ, ఈసీఈ, జాగ్రఫీ, అగ్రికల్చర్... ఎవరైనా మొదలుపెట్టొచ్చు.

మళ్లీ ఆ ఇంటర్వ్యూ గదికి వద్దాం. ‘ఎందుకు తగ్గింది?’ అని అడిగితే ఇప్పుడు మీరు ఇలా చెప్పొచ్చు. ‘2022లో అడవి ఎండే ఉంది, సమయానికి వాన పడింది. 2023లో మంచు వల్ల అడవి ఎండలేదు. రెండు సందర్భాల్లోనూ సరుకు అక్కడే ఉంది. కాబట్టి వచ్చే ఏడాది గురించి ఈ గ్రాఫ్ నాకు భరోసా ఇవ్వదు. ఇన్‌పుట్ల డేటా ఇస్తే చూసి చెప్తాను.’

2024లో ఆ రాష్ట్రంలో మళ్లీ 10 లక్షల ఎకరాలు దాటాయి.