కాలువ గట్టున గ్రహాలు

బందరు, గుడివాడ, దివిసీమ పొలాలకు కృష్ణ నీరు కాలువల్లో వస్తుంది. ఈ కాలువలు విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలవుతాయి. వెనుకటి రోజుల్లో బందరు కాలువలో పడవలు నడిచేవి. మనుషులు గట్టుమీద నడుస్తూ పడవను తాడుతో లాగేవారు.

అలాంటి గట్టుమీద ఆకాశాన్ని కొలవొచ్చు. ఎలాగో చూడండి.

గట్టు మొదట్లో ఎడ్లబండి చక్రం ఒకటి నిలబెట్టండి. అది సూర్యుడు అనుకోండి. మరి మన భూమి ఎంత? పిల్లలు ఆడే గోళీ అంత! దాన్ని 150 మీటర్ల దూరంలో పెట్టాలి. అంటే సుమారు 200 అడుగులు వేయాలి. చందమామ మినపగింజ అంత. గోళీకి మూరెడు లోపే ఉంటుంది.

ఈ లెక్కలో ఒక మీటరు అంటే 10 లక్షల కిలోమీటర్లు.

గ్రహాలన్నిటిలో పెద్దది గురుడు. అయినా కొబ్బరికాయ అంతే. దాన్ని చేరాలంటే ముప్పావు కిలోమీటరు దాటాలి. చివరి గ్రహం నెప్ట్యూన్. అది నిమ్మకాయ అంత. నాలుగున్నర కిలోమీటర్ల దూరాన ఉంటుంది. నడిస్తే గంట పైనే. సైకిలు తొక్కితే అరగంట.

ఇంగ్లండులోని సోమర్‌సెట్‌లో 1997లో ఒక కాలువ గట్టున ఇలాగే గ్రహాల బొమ్మలు పెట్టారు. జనం నడిచి, సైకిలు తొక్కి చూస్తారు.

దారి పొడుగునా దాదాపు అంతా ఖాళీయే. మనం తాగే నీరు, పీల్చే గాలి, వరి పండే నేల అన్నీ ఆ చిన్న గోళీమీదే ఉన్నాయి. కాలువలో చెత్త వేస్తే దిగువ ఊరి అక్క బిందెలోకి చేరేది ఆ నీరే. పారేసి మార్చుకోవడానికి ఇంకో గోళీ లేదు.