మీకు తెలుసా? పెళ్లి క్యాసెట్‌కి కాపలా కాసే ప్లాస్టిక్ ముక్క

పాత వీడియో క్యాసెట్ ఇంట్లో ఉంటే, లేబుల్ అంటించే అంచు ఒకసారి చూడండి. ఒక మూల గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దాన్ని విరిచేస్తే ఆ క్యాసెట్ మీద వీసీఆర్ ఇక రికార్డు చెయ్యదు. లోపలున్న చిన్న మీటకి ఆ ముక్క తగిలితేనే రికార్డు బటన్ పనిచేస్తుంది. మళ్లీ రికార్డు చేసుకోవాలంటే ఖాళీ అయిన చోట సెల్లోటేపు అంటిస్తే చాలు.

మా పెద్దక్క పెళ్లి క్యాసెట్‌కి ఆ ముక్క ఎవరూ విరవలేదు. ఒక ఆదివారం దూరదర్శన్‌లో సినిమా మొదలైపోతోందని, చేతికందిన క్యాసెట్ హడావిడిగా పెట్టేశాం. ఇప్పటికీ ఆ టేపులో జీలకర్ర బెల్లం దాకా పెళ్లి ఉంటుంది, అక్కణ్ణుంచి సినిమా. తలంబ్రాలు పోయాయి. పాతదాన్ని చెరిపి కొత్తది రాసుకునే వీలు ఈ యంత్రానికి ఎంత పెద్ద సుగుణమో అంత పెద్ద లోపం కూడా.

1956లో అమెరికాలో ఆంపెక్స్ కంపెనీ తెచ్చిన తొలి వీడియో టేపు యంత్రం ధర సుమారు 50 వేల డాలర్లు. టీవీ స్టేషన్లు తప్ప ఇంకెవరూ కొనలేని సరుకు. ఇంటింటి యంత్రాల అసలు పోటీ 1975లో సోనీ బీటామ్యాక్స్‌తో, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌తో మొదలైంది. బీటామ్యాక్స్ బొమ్మే బాగుండేదని, అయినా అన్యాయంగా ఓడిపోయిందని చాలామంది బాధపడతారు. నేను ఒప్పుకోను. మొదట్లో బీటామ్యాక్స్ క్యాసెట్‌లో పట్టేది ఒక గంట, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు. సినిమా మొత్తం పట్టని క్యాసెట్‌లో బొమ్మ ఎంత బాగుంటే ఏం లాభం? జేవీసీ తన పద్ధతిని వేరే కంపెనీలకీ ఇచ్చింది కాబట్టి మార్కెట్లో వీహెచ్ఎస్ యంత్రాలే నిండాయి. చివరికి 1988లో సోనీ కూడా వీహెచ్ఎస్ యంత్రాలు చెయ్యడం మొదలుపెట్టింది. మన దగ్గర మామూలుగా దొరికిన ఈ-180 క్యాసెట్‌లో మూడు గంటలు పట్టేది. రెండున్నర గంటల తెలుగు సినిమాకి అది సరిగ్గా సరిపోయింది.

టేపు ఎంత మెల్లగా నడుస్తుందో తెలుసా? అప్పటి మన టీవీ పద్ధతి పాల్. ఆ పద్ధతి యంత్రాల్లో సెకనుకి 2.34 సెంటీమీటర్లే. అంత నెమ్మదిగా నడిచే టేపు మీద, బొమ్మ రాసే హెడ్ కదలకుండా ఉంటే, బొమ్మ రాయడం అసాధ్యం. అందుకే టేపుతోపాటు హెడ్‌ని కూడా తిప్పారు. 62 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న లోహపు డ్రమ్ము కాస్త ఒరిగి నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దానికి ఎదురెదురుగా ఉన్న రెండు హెడ్‌లు సెకనుకి 50 ఏటవాలు గీతలు గీస్తాయి. ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మన పెళ్లిళ్లన్నీ ఆ సన్నటి గీతల్లోనే ఉన్నాయి. కాస్త దుమ్ము పడినా తెర మీద చుక్కలు కురిసేది అందుకే. ట్రాకింగ్ మీట తిప్పగానే బొమ్మ కుదురుకునేది కూడా హెడ్ సరిగ్గా ఆ గీత మీదికి వచ్చినందుకే. హెడ్ తుడిచేవాళ్లకు ఒక మాట: అడ్డంగానే తుడవాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ విరిగిపోతుంది.

పాజ్ నొక్కినా డ్రమ్ము ఆగదు. టేపులో ఒకే చోటు అదేపనిగా అరిగిపోతుంది. కొద్ది నిమిషాలకి యంత్రం తనంతట తానే ఆగిపోయేది ఆ టేపును కాపాడటానికే.

అమెరికా నుంచి చుట్టాలు పంపిన మనవడి పుట్టినరోజు క్యాసెట్ ఇక్కడి వీసీఆర్‌లో సరిగ్గా ఆడక నిరాశపడిన ఇళ్లు ఎన్నో. క్యాసెట్ డబ్బా ఒకటే, లోపలి లెక్క వేరు. అక్కడి టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, తెర మీది బొమ్మకి 525 గీతలు. ఇక్కడ పాల్, 625 గీతలు. రెండూ ఆడించే మల్టీ సిస్టమ్ వీసీఆర్ ఉన్న ఇంటిని వెతుక్కుంటూ వెళ్లాల్సి వచ్చేది. ఇదొక్కటే కాదు, కాపీకి కాపీ తీసే కొద్దీ రంగులు చెదిరేవి. ఎక్కువ సేపు పట్టాలని సగం వేగంతో రికార్డు చేస్తే బొమ్మతోపాటు మాట కూడా మసకబారేది.

ఇన్ని లోపాలున్నా ఈ యంత్రం ఒక గొప్ప మేలు చేసింది. టీవీ వేసినప్పుడే చూడాలన్న కట్టు తెంచింది. దాని మీద యూనివర్సల్, డిస్నీ సంస్థలు సోనీపై దావా వేశాయి. తరువాత చూసుకోవడానికి ఇంట్లో కార్యక్రమం రికార్డు చేసుకోవడం తప్పు కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న చెప్పింది. తీర్పు 5–4. ఒక్క న్యాయమూర్తి అటు ఒరిగి ఉంటే కథ మారిపోయేది.

చివరిదాకా వీసీఆర్‌లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో తయారీ ఆపేసింది. ఉన్న యంత్రాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. కాబట్టి అటక మీది పెళ్లి క్యాసెట్ ఈ నెలలోనే కిందికి దించండి. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి. టేపు పాడవుతుంది, హెడ్‌కీ బూజు అంటుకుంటుంది. ముందు శుభ్రం చేయించండి. ఆ మూల ప్లాస్టిక్ ముక్క ఇంకా ఉంటే విరిచెయ్యండి. ఆ తరువాతే కంప్యూటర్‌లోకి ఎక్కించే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.