చెయ్యి ఆగినా పాట ఆగలేదు



రేడియో పెట్టుకుని వంట చేసుకోవడం మనలో చాలామందికి అలవాటే. సినిమాపాట అయితే రాసిన కవి ఒకరు, బాణీ కట్టినవారు మరొకరు, పాడిన గొంతు ఇంకొకరిది. ఈ మూడు పనులూ ఒక్కరే చేస్తే వారిని మనవాళ్లు వాగ్గేయకారులన్నారు. అమెరికాలోనూ తమ పాట తామే రాసుకుని, వరస కట్టుకుని, గిటారు పట్టుకుని పాడేవారున్నారు. కాకపోతే అక్కడ దేవుడి మీది భక్తికన్నా ఇంటి కష్టసుఖాలు ఎక్కువ వినిపిస్తాయి. అలాంటి ఒకావిడ గురించి, 2023లో ఆవిడ తెచ్చిన పాటల ఆల్బమ్ గురించి ఇవాళ చెప్పుకుందాం. ఆవిడ పేరు లూసిండా విలియమ్స్.

ఆవిడ పాడే తరహాని కంట్రీ రాక్ అంటారు. కంట్రీ అంటే అమెరికా దక్షిణాది పల్లెపట్టుల్లో పుట్టిన పాట. ఫిడేలు, బాంజో, స్టీల్ గిటారు దాని వాద్యాలు. చెదిరిన కాపురాలు, తాగుడు, విడిచివచ్చిన ఊరు దాని విషయాలు. రాక్ సంగతి వేరు. అది కుర్రకారు సంగీతం, ఎలక్ట్రిక్ గిటారూ డ్రమ్ముల హోరూ వుండాలి. 1960ల చివర కొందరు ఈ రెంటినీ కలిపారు. 1968లో బర్డ్స్ అనే బృందం తెచ్చిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' ఆ దారిలో తొలి మైలురాళ్లలో ఒకటి.

లూసిండా 1953లో లూసియానా రాష్ట్రంలోని లేక్ చార్లెస్‌లో పుట్టింది. తండ్రి మిల్లర్ విలియమ్స్ కవి, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. 1997లో క్లింటన్ రెండోసారి అధ్యక్షుడుగా ప్రమాణం చేసిన సభలో కవిత చదివింది ఆయనే. తండ్రి ఉద్యోగం కోసం ఊరూరూ తిరగవలసి వచ్చేది. మెక్సికోలో, చిలీలో కూడా కొంతకాలం వున్నారు. తల్లికి పియానో బాగా వచ్చుగాని, మనసుకి జబ్బు. తల్లిదండ్రులు విడిపోయాక పిల్లలు తండ్రి దగ్గరే పెరిగారు.

ఈ బాల్యమంతా 1998లో వచ్చిన 'కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్' ఆల్బమ్‌లో వుంది. గులకరాళ్ల బాటమీద కారు చక్రాల చప్పుడు అని ఆ పేరుకి అర్థం. పెద్దవాళ్ల గొడవలు వింటూ కారులో వెనకసీట్లో కూర్చున్న చిన్నపిల్ల ఆ పాటలో కనిపిస్తుంది. మొదటిసారి అది విన్న తండ్రి కూతురి దగ్గరికి వచ్చి క్షమించమన్నాడట. ఎందుకంటే, ఆ పిల్లవి నువ్వేగా అన్నాడట. అప్పటిదాకా ఆ సంగతి తనకే తట్టలేదని లూసిండా చెప్పుకుంది. ఇంట్లో పిల్లలు వినడం లేదనుకుని మనం ఎన్ని మాటలు అనేసుకుంటామో చూడండి!

ఆ ఆల్బమ్ బయటికి రావడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. నచ్చక, రికార్డు చేసినవాటిని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టింది. తన పాట తన మనసుకి నచ్చాలి, అంతే. మొదట్లో కంపెనీలవాళ్లు కంట్రీకి ఇది మరీ రాక్‌లా వుంది, రాక్‌కి ఇది మరీ కంట్రీలా వుంది అని తిప్పి పంపారు. తరవాత చూడబోతే ఆవిడకి గ్రామీ బహుమతులు మూడు వచ్చాయి. 1994లో కంట్రీ పాట రాసినందుకు, 1999లో జానపద విభాగంలో, 2002లో రాక్ గానానికి. ఎక్కడా ఇమడదన్న మనిషిని మూడుచోట్లా మెచ్చుకున్నారన్నమాట!

2020 నవంబరులో, అరవై ఏడేళ్ల వయసులో, నాష్‌విల్‌లోని ఇంట్లో వుండగా ఆవిడకి పక్షవాతం వచ్చింది. మెదడు కుడివైపున రక్తం గడ్డకట్టింది. మెదడు కుడిభాగం శరీరంలో ఎడమవైపుని నడిపిస్తుంది కాబట్టి ఎడమకాలు, ఎడమచెయ్యి దెబ్బతిన్నాయి. అడుగు వెయ్యడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. కంఠం మాత్రం చెక్కుచెదరలేదు.

గిటారు వాయించడంలో కుడిచెయ్యి తీగల్ని మీటుతుంది. ఎడమచేతి వేళ్లు వాటిని సరైనచోట అదిమి పట్టాలి. అలా అదిమితేనే కావలసిన స్వరం పలుకుతుంది. ఆ వేళ్లే మాట వినడం మానేశాయి. ఎన్నో ఏళ్లుగా గిటారు ఒళ్లో పెట్టుకుని, ఒంటరిగా కూర్చుని పాట కట్టుకున్న మనిషికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. మనకి వంటింట్లోకి వెళ్లవద్దని చెప్పినట్టే.

అయినా 2021 వేసవికల్లా ఆవిడ మళ్లీ వేదిక ఎక్కింది. గిటారు లేకుండా పాడింది. 2023 జూన్ 30న 'స్టోరీస్ ఫ్రమ్ ఎ రాక్ ఎన్ రోల్ హార్ట్' అనే ఆల్బమ్ వచ్చింది. అందులో పది పాటలు. వాటిలో చాలావాటిని ఆవిడ ఒక్కతే రాయలేదు. ఆవిడ భర్త టామ్ ఓవర్బీ, స్నేహితులు జెస్సీ మాలిన్, ట్రావిస్ స్టీవెన్స్ పాలుపంచుకున్నారు. ఆవిడ మాట చెబితే, వరస గొంతుతో పలికితే, గిటారు మరొకరు పట్టేవారు. రెండు పాటల్లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఆయన భార్య పాటీ స్కియాల్ఫా వెనక గొంతు కలిపారు. ఒక పాట 2017లో పోయిన టామ్ పెటీ అనే తోటి గాయకుణ్ణి తలుచుకుంటుంది. మరొకటి పాట కోసం ఎదురుచూడడం గురించి. పాటే తనని వెతుక్కుంటూ వస్తుందన్న ధైర్యం అందులో వినిపిస్తుంది.

నచ్చేదాకా ఆరేళ్లు ఎవరి మాటా వినని మనిషి, డెబ్బై ఏళ్ల వయసులో తన పాటలోకి నలుగుర్ని రానిచ్చింది. అందువల్ల అది ఆవిడ పాట కాకుండా పోలేదు. ఆల్బమ్ వింటే అదే గొంతు, అదే జీర, అదే పట్టుదల.

పక్షవాతం మన ఇళ్లకీ కొత్తది కాదు. మూతి ఒక పక్కకి వాలినా, చెయ్యి ఎత్తలేకపోయినా, మాట తడబడినా క్షణం ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. గడ్డని కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఇక ఇంటికి వచ్చాక మనం చేసే పొరపాటు ఒకటుంది. నువ్వు కదలకు, నీకెందుకు, మేం చూసుకుంటాంగా అని ప్రేమగానే అంటాం. అత్తగారి చెయ్యి పడిపోయినా ఆవకాయ పాళ్లు ఆవిడ నాలుకమీద వున్నాయి కదా! ఆవిడ చెబుతుంటే మనం కలిపితే అది ఆవిడ ఆవకాయే అవుతుంది. సాయం అడగడం చిన్నతనం కాదు. సాయం చేసేవారు పని మొత్తం లాగేసుకోకుండా వుంటే చాలు.

లూసిండా ఆ తరవాతా ఆగలేదు. 2024 చివర, లండన్‌లోని ఏబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ పాటలు పాడి మరో ఆల్బమ్ తెచ్చింది. వీలున్నప్పుడు ఆవిడ పాట ఒక్కటైనా వినండి. భాష పూర్తిగా అర్థం కాకపోయినా ఆ గొంతు అర్థమవుతుంది.

(రేడియో ప్రసంగం)