కట్టెలపొయ్యి – వేడినీళ్ళ లెక్క

ఇంధనముల వెలలు పెరిగినప్పుడెల్ల మనుష్యుని చూపు కట్టెలవైపు మరలును. 2022లో ఉక్రెయిను యుద్ధము వలన సహజవాయువు వెల మిక్కిలి పెరుగగా, ఐరోపాలో పలువురు గదులను వెచ్చబరచుకొనుటకు ఇనుప కట్టెలపొయ్యిలను ఆశ్రయించిరి. హైదరాబాదున ఆ అవసరము లేదు. ఈ నగరమున నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు, అట్టి రాత్రులు అరుదు. ఇచ్చటి చలి దుప్పటితో తీరును. కాని తెల్లవారుజామున చన్నీళ్ళు నెత్తిన పోసికొనుటకు మాత్రము ఎవరికిని మనసొప్పదు. కావున మనకు కట్టెల ప్రశ్న స్నానపు నీళ్ళ ప్రశ్నగా పరిణమించును.

దిల్‌సుఖ్‌నగర్ నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి.నగర్ వరకు గల కాలనీలలో, పెరడు మిగిలియున్న పాత యిండ్లయందు రాగి బాయిలరు ఇప్పటికిని అచ్చటచ్చట కనబడును. గ్యాసు బండ వెల, కరెంటు బిల్లు చూచినవారికి, "మూలనున్న బాయిలరును మరల వెలిగించిన లాభమా?" అను సందేహము సహజముగా కలుగును. దీనికి లెక్కయే సమాధానము చెప్పవలెను. ఆ లెక్క ఎనిమిదవ తరగతి విద్యార్థియు చేయగలడు.

ఒక్కరి స్నానమునకు 20 లీటర్ల నీరు చాలుననుకొందము. చలికాలమున ట్యాంకులోని నీరు 22 డిగ్రీలున్నచో, దానిని 42 డిగ్రీలకు తెచ్చుటకు 20ని 20చే గుణింపగా 400 కిలో కెలోరీలు కావలెను. నలుగురున్న యింటికి దినమునకు 1600.

ఎండిన కట్టె ఒక కిలో పూర్తిగా మండినచో సుమారు 3500 కిలో కెలోరీల ఉష్ణమునిచ్చును. అనగా అరకిలో కట్టెతో నలుగురి స్నానము ముగియవలెను! అట్లు ఎన్నడును జరుగదని పొయ్యి ఊదినవారందరికిని తెలియును. మిగిలిన ఉష్ణ మేమగుచున్నది?

కట్టె మండుట మూడు దశలలో జరుగును. మొదట దానిలోని నీరు ఆవిరియగును. తరువాత, ఇన్నూరు డిగ్రీలు దాటినపుడు, కట్టె విచ్ఛిన్నమై మండెడి వాయువులను వెడలగ్రక్కును. మనము చూచు మంట ఆ వాయువులదే. చివరకు మిగిలిన బొగ్గు మంట లేకయే ఎర్రగా కాలును. ఈ వాయువులకు తగినంత గాలియు, తగినంత వేడిమియు లభింపనిచో అవి మండకయే బయటికి పోవును. దానినే మనము పొగ అందుము. పొగ యనగా మనము వెలపెట్టి కొని గాలిలో పారవైచిన ఇంధనమన్నమాట.

పచ్చికట్టె విషయము మరింత దారుణము. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సగము వరకు నీరే. ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుండి ఆవిరి చేయుటకు 610 కిలో కెలోరీలు ఖర్చగును. ఆ ఖర్చుకన్న పెద్ద నష్టము, ఆవిరి వలన మంట చల్లబడి వాయువులు సరిగా మండకపోవుట. అడితిలో కట్టెను తూకముతో కొనువారు నీటికి కూడ కట్టె వెల యిచ్చుచున్నారు! సన్నగా చీల్చి, వానకు తడియకుండ కొన్ని నెలలు ఆరబెట్టినచో ఈ నష్టము చాలవరకు తప్పును.

మూడురాళ్ళ పొయ్యిపై గుండిగ పెట్టినచో, కట్టెయిచ్చు ఉష్ణములో నీటికి చేరునది నూటికి పది, పదునైదు పాళ్ళు మాత్రమే. బాయిలరు ఇంతకన్న తెలివైన సాధనము. దాని నడుమ నొక గొట్టముండును. క్రింది నిప్పునుండి వేడిగాలి ఆ గొట్టము ద్వారా పైకి పోవుచు, చుట్టునున్న నీటికి తన ఉష్ణమునిచ్చును. పాత రైలింజనులోని గొట్టముల సూత్రమే యిది. కొన్నింటిలో పైన గరాటు ఉండును. దానిలో పోసిన చన్నీళ్ళు అడుగునకు దిగి, తేలికయైన వేడినీళ్ళను పై కుళాయి ద్వారా బయటికి నెట్టును. బాయిలరు నూటికి ఇరువదియైదు పాళ్ళు పట్టుకొనుననుకొందము. అప్పుడు కిలో కట్టెకు నీటికి చేరునది సుమారు 870 కిలో కెలోరీలు.

ఇక కరెంటు. ఒక యూనిట్ 860 కిలో కెలోరీలకు సమానము. నీటిలో ముంచెడి హీటరు దీనినంతటిని దాదాపు నీటికే యిచ్చును. కాబట్టి బాయిలరులో కిలో కట్టె ఒక యూనిట్ కరెంటుకు సరి! అడితిలో కిలో కట్టె వెల మీ యూనిట్ వెలకన్న తక్కువైననే కట్టె చౌక.

గ్యాసు కిలోకు సుమారు 11,000 కిలో కెలోరీలు. పొయ్యిపై నీటికి చేరునది 7000 వరకు. 14.2 కిలోల బండ సుమారు లక్ష కిలో కెలోరీల నిచ్చును. అనగా 115 యూనిట్లు. హైదరాబాదులో బండ వెల 2023 మార్చిలో 1155 రూపాయలు. యూనిట్‌కు పదిరూపాయలు పడినది. 2025 ఏప్రిల్‌లో 905. ఏడు రూపాయల ఎనుబదియేడు పైసలు. తెలంగాణలో 2022 నాటి విద్యుత్ ధరల పట్టికలో 201 నుండి 300 వరకు యూనిట్ 7.70, ఆపైన 400 వరకు 9 రూపాయలు. వెలలు మారుచుండును, 115 అను అంకె మాత్రము నిలుచును.

ఇచ్చట నొక మెలిక కలదు. నలుగురి స్నానమునకు నెలకు సుమారు 56 యూనిట్లు కావలెను. 2024లో ప్రారంభమైన గృహజ్యోతి క్రింద 200 యూనిట్ల వరకు ఉచితము పొందు కుటుంబము 160 వాడుచున్నచో, హీటరుతో 216కు చేరును. ఆ నెల బిల్లంతయు చెల్లింపవలసివచ్చును. అట్టి యింటికి బాయిలరు నిజముగా ఆదా చేయవచ్చును.

కాని పొగకును లెక్క కలదు. చలికాలపు రాత్రి నేల తన ఉష్ణమును కోల్పోయి చల్లబడును. దానినంటిన గాలియు చల్లబడును. పైని వెచ్చని గాలి మూతవలె నిలిచి పొగను లేవనీయదు. సరూర్‌నగర్ చెరువుపై ఉదయము ఆరుగంటలకు పరచుకొను బూడిదరంగు తెరను విద్యార్థులు గమనింపవచ్చును. అందరు నీళ్ళు కాచుకొను వేళయు అదియే! గాలిలోని అతి సన్నని ధూళి రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు మించరాదని 2009 నాటి మన జాతీయ ప్రమాణము; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 అనినది.

పొగలేని నిప్పు అంతకన్న ప్రమాదకరము. కుంపటిలోని బొగ్గు ఎర్రగా కాలుచుండగా, గాలి చాలనిచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికన్న ఇన్నూరు రెట్లు గట్టిగా దీనిని పట్టుకొనును. తలుపులు మూసి కుంపటి ప్రక్కన నిద్రించినవారు మేల్కొనకయే మరణించుట ఇందువలననే. గాలిరాని స్నానపుగదిలోని గ్యాసు గీజరుకును ఇదే దోషము. బాయిలరు ఎన్నడైనను ఆరుబయటనే యుండవలెను. పాత యిండ్లు పడగొట్టినచోట చౌకగా దొరకు రంగువేసిన తలుపుచెక్కలు, ప్లైవుడ్డు ముక్కలు అందులో వేయరాదు; పాత రంగులలో సీసము, ప్లైవుడ్డు జిగురులో ఫార్మాల్డిహైడు ఉండును.

నా మట్టుకు నాకు, డాబా స్వంతమైనవారికి ఎండయే మేలైన కట్టె యనిపించును. చలికాలమున ఇచ్చటి ఆకాశము నిర్మలము. చదరపు మీటరుపై దినమునకు సుమారు 5 యూనిట్ల శక్తి పడును. రెండు చదరపు మీటర్ల సౌరఫలకము సగమే పట్టినను 4300 కిలో కెలోరీలు. మన అవసరము 1600. అపార్టుమెంటులో డాబా ఎవరిదను తగవు భౌతికశాస్త్రము తీర్చలేదు.

పాఠశాలలలో ఈ క్రింది ప్రయోగము ఆరుబయట చేయింపవచ్చును. గిన్నెలో 5 లీటర్ల నీరు పోసి ఉష్ణోగ్రత చూడవలెను. 400 గ్రాముల ఎండుకట్టెను తూచి, దానితోనే కాచవలెను. నీరు 25 నుండి 85 డిగ్రీలకు వచ్చినదనుకొందము: చేరినది 300 కిలో కెలోరీలు, ఇచ్చినది 1400, ఫలము నూటికి 21. ఇప్పుడు పొయ్యిలో మిగిలిన బొగ్గును ఇసుకతో ఆర్పి, ఇసుక దులిపి తూచవలెను. బొగ్గు కిలోకు 7000 కిలో కెలోరీలు. 30 గ్రాములు మిగిలినచో 210 తీసివేయవలెను. అప్పుడు ఫలము నూటికి 25 అగును. అదే పొయ్యిపై, అంతే తూకపు పచ్చికట్టెతో మరల కాచి, రెండు అంకెలను ప్రక్కప్రక్కన నల్లబల్లపై వ్రాయించవలెను.