నీడ లెక్కలోనే ఎకరాల ఆదా
సౌర ఫలకాల అమరికకు పారామెట్రిక్ డిజైన్

ఓర్వకల్లు: కర్నూలు జిల్లా శకునాల, నంద్యాల జిల్లా గని గ్రామాల పరిధిలో 2017లో ప్రారంభమైన సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. విస్తీర్ణం 5,932 ఎకరాలు. అంటే ఒక్కో మెగావాట్‌కు సుమారు ఆరెకరాల భూమి అవసరమైంది. ఇటువంటి పార్కులకు ఎంత నేల కావాలన్నది ఫలకాల వరుసల మధ్య వదిలే ఎడంపై ఎంతో ఆధారపడి ఉంటుంది. ఆ ఎడాన్ని తేల్చేందుకు ఉపకరించే విధానమే పారామెట్రిక్ డిజైన్.

గీతలు కాదు.. సంబంధాలు

సాధారణ పటంలో ఒక వరుసను జరిపితే మిగిలినవన్నీ మళ్లీ గీయాలి. ఈ విధానంలో ఫలకం పొడవు, వాలు, ఎడం, నేల ఎత్తుపల్లాల మధ్య గల సంబంధాలను కంప్యూటర్‌కు అందిస్తారు. ఒక్క అంకె మార్చగానే పటమంతా దానంతటదే మారుతుంది. వందలాది అమరికలను పోల్చి మేలైన దానిని ఎంచుకోవచ్చు.

నీడ పడితే నష్టమే

ఒకే వరుసక్రమంలో కలిపిన ఫలకాలలో ఒకదానిపై నీడ పడినా మిగిలిన వాటి ఉత్పత్తి తగ్గుతుంది. నాలుగు మీటర్ల ఫలకాన్ని దక్షిణ ముఖంగా 15 డిగ్రీల వాలులో అమర్చారనుకుందాం. దాని పైఅంచు కింది అంచు కంటే సుమారు మీటరు ఎత్తున ఉంటుంది. డిసెంబరు 21న సూర్యమానం ప్రకారం ఉదయం 9 గంటలకు ఈ ప్రాంతంలో దాని నీడ ఉత్తరంగా 1.1 మీటర్ల వరకు సాగుతుంది. అంత ఎడం వదిలితే సమతల నేలపై ఏడాది పొడవునా ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకు వెనుక వరుసకు నీడ బెడద ఉండదు.

వాలును 10 డిగ్రీలకు తగ్గిస్తే 0.75 మీటర్ల ఎడం చాలు. దారులను మినహాయించి వరుసల మేరకే లెక్కిస్తే, 1,000 ఎకరాలకు దాదాపు 60 ఎకరాలు మిగులుతాయి. అయితే వాలు తగ్గితే చలికాలపు ఉత్పత్తి కొంత తగ్గుతుంది. దుమ్ము కూడా త్వరగా జారిపోదు. కడిగేందుకు నీరు ఎక్కువ కావాలి. మనుషులు తిరిగి శుభ్రం చేసేందుకు చోటు కూడా వదలాలి.

చెప్పనిది లెక్కలోకి రాదు

వంకలు, బండరాళ్లు, పశువులు నడిచే బాటలు, పొలాలకు వెళ్లే రస్తాలు కొలతలలో నమోదైతేనే కంప్యూటర్ వాటిని తప్పించి వరుసలు వేస్తుంది. నమోదు కాని వంక మీదుగా సైతం ఫలకాలను పరచి చూపుతుంది. వానాకాలంలో ఆ నీరు పక్క పొలాలపైకి మళ్లే ప్రమాదముంది. కనుక సర్వే దశలోనే గ్రామస్థులు తమ దారులను, నీటి పారుదలను సిబ్బందికి చూపి నమోదు చేయించుకోవడం మేలు.