పది స్థానాలు గెలిచిన పక్షం

టోలిచౌకి నుండి మెహిదీపట్నం, లకిడీకాపూల్ మీదుగా నగరంలోనికి వచ్చే శ్రోతలు, శాసనసభా భవనానికి ఎదుట గన్ పార్కులో ఉన్న స్థూపాన్ని చూచియే ఉంటారు. 1969 నాటి తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మృతిచిహ్నమది. ఆ ఉద్యమంలో పుట్టి, మూడేండ్లయినా నిండకమునుపే అంతరించిన తెలంగాణ ప్రజాసమితి అనే రాజకీయపక్షాన్ని గురించి నేడు ముచ్చటించుకుందాం.

1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నాయకులు ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదుర్చుకున్నారు. తెలంగాణ ఉద్యోగాలలో స్థానికులకు రక్షణ, ఆ ప్రాంతపు మిగులు ఆదాయం అక్కడనే వినియోగించడం అందులోని ముఖ్యాంశాలు. అవి అమలు జరగలేదన్న ఆవేదనతో 1969 జనవరిలో విద్యార్థులు, ఉద్యోగులు వీధులలోకి వచ్చారు. మొదట కోరినది రక్షణల అమలు మాత్రమే. పిదప అదియే ప్రత్యేక రాష్ట్రవాంఛగా మారినది. ఆ యేడే వెలసిన ప్రజాసమితికి తొలుత మదన్ మోహన్, తరువాత డాక్టర్ మర్రి చెన్నారెడ్డి నాయకత్వం వహించారు.

1971 మార్చి లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణలోని 14 స్థానాలలో 10 సమితికే దక్కినవి. ఇంతటి తీర్పు తరువాత కోర్కె నెరవేరక తప్పదని అనేకులు తలచారు. కాని ఆ సెప్టెంబరులోనే సమితి కాంగ్రెసులో విలీనమైనది. కాసు బ్రహ్మానందరెడ్డి రాజీనామా చేయగా, తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయినారు. రాష్ట్రం మాత్రం రాలేదు. విలీనానికి ఒప్పుకొననివారు 1972 శాసనసభ ఎన్నికలలో వేరుగా నిలిచినా, గెలిచినది ఒకే ఒక స్థానం.

నాయకుల నిలకడలేమియే దీనికి కారణమని చెప్పడం పరిపాటి. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని లెక్కను కూడా చూడాలి. 1969 నవంబరులో కాంగ్రెసు చీలిన తరువాత ఇందిరాగాంధీ ప్రభుత్వం ఇతర పక్షాల ఆసరాతో నడిచినది. అటువంటి సభలో పదిమంది మాటకు విలువ ఉండేది. 1971లోనో, 518 స్థానాలలో 352 ఆమె పక్షానికే వచ్చినవి. ఇక పదిమంది ఎటు మొగ్గినా తక్కెడ ముల్లు కదలదు.

2001లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్ర సమితికి 2004లో లోక్‌సభలో లభించినవి 5 స్థానాలే. కాని నాడు కాంగ్రెసు బలం 145. మిత్రులు లేనిదే ప్రభుత్వం నిలువదు. కనుకనే తెలంగాణ ప్రస్తావన ఆ ప్రభుత్వపు కనీస ఉమ్మడి కార్యక్రమంలోకి ఎక్కినది. పదిమందికి దొరకని చోటు ఐదుగురికి దొరికినదన్నమాట. అయినను రాష్ట్రం అవతరించడానికి మరల ఉద్యమం సాగవలసి వచ్చినది, 2014 జూన్ 2 వరకు ఆగవలసి వచ్చినది.

1971లో ఓటుహక్కు 21 ఏండ్లు నిండినవారికే ఉండేది. నాడు సమితికి తొలి ఓటు వేసిన యువకునికి, తాను కోరిన రాష్ట్రం కంటబడేనాటికి 64 ఏండ్లు వచ్చి ఉంటాయి.