కోడిక్కరై ద్వీపకల్పం: నీటి లోతు, పక్షుల ఆవాసం

కోరమాండల్ తీరం ఒక్కసారిగా పడమరకు మళ్ళే మలుపున, తమిళనాడులోని నాగపట్టణం జిల్లా దక్షిణాగ్రంలో కోడిక్కరై ఉంది. ఆంగ్ల పటాలలో దీని పేరు పాయింట్ కాలిమేర్. ‘కోడి’ అనగానే తెలుగు పాఠకునికి పక్షి స్ఫురించడం సహజమే కాని, తమిళంలో ఆ మాటకు కొస అని అర్థం. తూర్పున బంగాళాఖాతం, దక్షిణాన పాక్ జలసంధి, పడమట వేదారణ్యం చిత్తడినేల ఈ అడవిని చుట్టి ఉంటాయి.

1967లో ఇక్కడ అభయారణ్యం ఏర్పడింది ప్రధానంగా కృష్ణజింకల కోసం. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన ప్రాంతం 38,500 హెక్టార్లు. అందులో అడవితోపాటు చిత్తడినేలలు, ఉప్పుమడులు కూడా చేరాయి. పక్షుల దృష్ట్యా ఈ రెండవ హద్దే అర్థవంతమైనది.

అడవి పొడినేల సతతహరితం; పాలచెట్టు ఇందులో ప్రధాన వృక్షం. శరదృతువులో దక్షిణానికి సాగే పొన్నంగి పిట్ట వంటి వలస పక్షులకు ఇది మజిలీ. 2018 నవంబరులో గజ తుపాను ఈ అడవిని తీవ్రంగా దెబ్బతీసింది. సర్కారు తుమ్మ వ్యాప్తి అంతకు ముందునుంచీ ఉన్న సమస్య.

అసలు రద్దీ చిత్తడినేలలో ఉంటుంది. ఎండాకాలంలో ఉప్పుతేరి ఎండిపోయే ఈ నేల ఈశాన్య ఋతుపవనాలతో నిండుతుంది. వానలు తగ్గాక నీరు ఇంకుతూ, ఆవిరవుతూ, మళ్ళీ ఉప్పెక్కుతుంది. ఇలా తగ్గే నీటి అంచునే పక్షులు అనుసరిస్తాయి. సైబీరియా ఉత్తర తీరాలలో గూడు కట్టే కర్ల్యూ శాండ్‌పైపర్, దానికన్నా చిన్నదైన లిటిల్ స్టింట్ తడిబురదలోను, కొద్ది సెంటీమీటర్ల నీటిలోను మాత్రమే మేయగలవు. తెలుగువారు రాజహంస అని పిలిచే ఫ్లెమింగో పొడవైన కాళ్ళతో లోతులోకి దిగి, ముక్కును తలకిందులుగా ముంచి, నాలుకతో నీటిని తోడి సూక్ష్మజీవులను వడగడుతుంది. కనుక ఒక జానెడు నీరు పెరిగితే ఫ్లెమింగోకు ఇబ్బంది లేదు. స్టింట్‌కు మాత్రం ఆ మేత మైదానం మొత్తం లేనట్టే.

ఉప్పు పరిశ్రమ ప్రభావాన్ని ఈ కోణంలోనే చూడాలి. మడులను ఒకే మాటతో పక్షులకు చెరుపు అనడం సరికాదు. మధ్యస్థ లవణీయత గల మడులలో ఉప్పునీటి రొయ్య విస్తారంగా పెరిగి పక్షులకు ఆహారమవుతుంది. అయితే లవణీయత మరీ పెరిగినకొద్దీ జీవజాతులు తగ్గిపోతాయి. గట్లు వేసి నీటిని నిలిపిన చోట ఋతువుతో కదిలే ఆ అంచు మాయమవుతుంది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఇక్కడ దశాబ్దాలుగా సాగించిన ఉంగరాల అధ్యయనాలు తీరపక్షుల తగ్గుదలను నమోదు చేశాయి.

కొసన ఉన్న ప్రాంతం కావడం వల్ల శీతకాలపు లెక్కలకు మరో చిక్కు ఉంది. ఒకనాడు కనిపించిన గుంపు అక్కడ నిలిచిపోయేదా, దాటిపోయేదా అన్నది సంఖ్య చెప్పదు. ఉంగరం వేసిన పక్షి మళ్ళీ దొరికితేనే తెలుస్తుంది. పక్షుల సంఖ్యతోపాటు అదే రోజు, అదే చోట నీటి లోతును, లవణీయతను కొలిచినప్పుడే ఒక ఏటి లెక్కను మరో ఏటితో పోల్చడానికి ఆధారం ఏర్పడుతుంది.